హుద్‌హుద్ నడిచిన దారి

2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఒమన్ సూచించిన ఆ పేరు ఓ పిట్టది. ఈ తుపాను అండమాన్ సముద్రంలో పుట్టి, అక్కడి దీవులను దాటి, బంగాళాఖాతంలో బలం పుంజుకుని, గంటకు 180 కిలోమీటర్ల గాలితో నగరం మీద పడింది.

తుపాను కన్ను, అంటే సుడి నడుమ ప్రశాంతంగా ఉండే భాగం, నెత్తిమీదికి రాగానే హోరు ఆగుతుంది. గండం గడిచిందనిపిస్తుంది. అసలు ప్రమాదం అప్పుడే. కన్ను దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. మొదటి గాలికి వదులైన చెట్టు, రేకు రెండో గాలికి కూలుతాయి. ఆరోజు విమానాశ్రయం పైకప్పు ఊడింది. కరెంటు స్తంభాలు వేలల్లో ఒరిగాయి. నగరంలోని కైలాసగిరి కొండ పచ్చదనం చూస్తుండగానే పోయింది.

అక్కడితో ఆగలేదు. తుపాను మోసుకెళ్లిన తేమ ఉత్తరానికి సాగి, రెండు రోజులకు నేపాల్‌లోని అన్నపూర్ణ కొండల్లో మంచు తుపానై నలభై మందికి పైగా ప్రాణాలు తీసింది.

1977లో ఆంధ్ర తీరంలోని దివిసీమను ముంచిన తుపాను ఉప్పెనలో దాదాపు పదివేల మంది పోయారు. హుద్‌హుద్‌కు ముందు హెచ్చరిక అందడంతో లక్షల మందిని తరలించగలిగాం. హెచ్చరిక విలువ అదే. తీరంలోని అక్కలారా, అన్నలారా! గాలి ఆగిందని బయటికి రాకండి. తుపాను పూర్తిగా దాటిందని అధికారులు చెప్పేదాకా గడప దాటకండి.