అప్పు లెక్క మన చేతిలో ఉండాలె

ఇటిక్యాలకు వచ్చి అప్పు గురించి మాట్లాడకుండా పోలేం. కృష్ణ, తుంగభద్ర నడుమ ఉన్న నడిగడ్డ ఇది. అటూ ఇటూ నదులే, అయినా మన ఇండ్లల్ల అప్పులే.

సీడుపత్తి పెడితే విత్తనం కాడినుంచి క్రాసింగ్ కూలీల దాకా ఆర్గనైజరే పెట్టుబడి ఇస్తడు. లెక్క ఆయన పుస్తకంలనే ఉంటది. పంట పోయినంక అసలు, వడ్డీ పట్టుకొని మిగిలింది చేతిలో పెడతడు. భూమి లేనోళ్లు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని వలస పోతరు.

"నూటికి మూడే కదా" అంటం. అది నెలకు! 50 వేలకు నెలకు 1,500, ఏడాదికి 18 వేలు. మూడేండ్లల్ల 54 వేలు కట్టినా అసలు అట్లనే ఉంటది.

మరేం చెయ్యాలె? ఈ రాత్రే ఇంటిల్లిపాది కూసోండ్రి. ఎవరికెంత బాకీ, వడ్డీ ఎంత, ఎప్పుడు తెచ్చినం, పిల్లలతోని నోటుబుక్కుల రాయించుండ్రి. ఎక్కువ వడ్డీది ముందు తీర్చుండ్రి. మహిళా సంఘం లోను వస్తే దానికే కట్టుండ్రి, పెండ్లి ఖర్చుకు ముట్టుకోవద్దు. కట్టిన ప్రతిసారి సంతకం తీసుకోండ్రి. తీరినంక ప్రామిసరీ నోటు వాపసు అడగండ్రి.

ఇంకొక్క మాట. అడ్వాన్సు తీరలేదని మనిషిని పనికాడ కదలనియ్యకపోతే అది వెట్టి. 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రకారం ఆ బాకీ కూడా రద్దయితది. కలెక్టరుకు అర్జీ పెట్టండ్రి.

అప్పు చేసినందుకు సిగ్గుపడి నోరు మూసుకోవద్దు. లెక్క అడగండ్రి. అడిగినోళ్ల పక్కన నిలబడండ్రి.