నా గిటారు – ఇరవై ఐదేళ్ల కోరిక



యువత కోసం నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు నన్ను పిలిచారు. బాగా చదువుకోండి, చెడు అలవాట్ల జోలికి పోకండి అని మీకు అందరూ చెబుతూనే ఉంటారు. హాస్టల్లో నేనూ రోజూ చెబుతాను. ఈరోజు మాత్రం నేను ఒక వస్తువు కొనుక్కున్న సంగతి చెబుతాను. 2024 నవంబరులో, ఊళ్లో దండారి ముగిశాక, హైదరాబాద్ వెళ్లి ఎలక్ట్రిక్ గిటారు కొన్నాను.

నవ్వుతున్నారు. నవ్వండి. నలభై నాలుగేళ్ల వార్డెనమ్మకు గిటారు ఎందుకని మా ఇంట్లోనూ నవ్వారు.

1999లో నేను టీటీసీ చదువుతున్నాను. కాలేజీ వార్షికోత్సవానికి ఆర్కెస్ట్రా వచ్చింది. అందులో ఒకాయన గిటారు మీద ఒక తీగ మీటి, దాన్ని వేలితో పక్కకు లాగాడు. స్వరం ఏడుపులా పైకి లేచింది. నాకు వెంటనే మా ఊరు గుర్తొచ్చింది. పెర్సాపేన్ పూజల్లో మా ప్రధాన్ పెద్దాయన కిక్రి వాయిస్తూ పూర్వీకుల కథ చెప్పేటప్పుడు స్వరం అలాగే సాగేది. ఆ రాత్రే అనుకున్నాను, ఎప్పటికైనా ఇది కొనాలని.

2004లో ఉద్యోగం వచ్చింది. మొదటిసారి కూడబెట్టిన డబ్బు నాన్న ఆపరేషన్‌కు పోయింది. రెండోసారి కూడబెట్టింది చెల్లి పెళ్లికి పోయింది. అవి పెట్టాల్సిన ఖర్చులే, ఒక్క రూపాయికీ బాధ లేదు. నన్ను బాధపెట్టింది వేరు. నాకు ఇలాంటి కోరిక ఉందని ఎవరికీ చెప్పలేకపోయాను. బియ్యానికి, ఫీజుకు, మందులకు డబ్బు కావాలంటే మనకు సిగ్గు ఉండదు. పాట కోసం కావాలంటే సిగ్గు. పేదింటి ఆడపిల్లకు ఇదంతా ఎందుకు అని ఎవరూ అనకముందే మనకు మనమే అనుకుంటాం.

ఈలోగా బదిలీ మీద వెళ్తున్న ఒక టీచర్ దగ్గర పాత మామూలు గిటారు 1,200 రూపాయలకు తీసుకున్నాను. రాత్రి స్టడీ అవర్ అయ్యి, పిల్లలు పడుకున్నాక, స్టోర్ రూములో బియ్యం బస్తాల మధ్య కూర్చుని నేర్చుకున్నాను. వేళ్లు బొబ్బలెక్కేవి. ఇప్పటికీ గొప్పగా వాయించలేను.

2019 అక్టోబరులో పోస్టాఫీసులో నెలకు 1,500 చొప్పున రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టాను. అది 60 నెలల పథకం. కరోనా రోజుల్లోనూ ఒక్క నెల ఆపలేదు. చివరికి వడ్డీతో లక్షా ఎనిమిది వేలు దాటింది. ఫోన్‌లో యాప్ నొక్కితే అప్పు వెంటనే దొరుకుతుందని నాకూ తెలుసు. ఆ అప్పులతో మన పిల్లలు ఎంత నలిగిపోతున్నారో కూడా తెలుసు.

షాపులో కుర్రాడు అడిగాడు, "అబ్బాయికా మేడమ్?" అని. "కాదు, నాకే" అన్నాను. ఆ మాట పైకి అనడానికి నాకు పాతికేళ్లు పట్టింది.

నేను కొన్నది ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్. ఈ రకం మొదట 1954లో అమెరికాలో వచ్చింది. దాన్ని తెచ్చిన లియో ఫెండర్ రేడియోలు బాగుచేసే మనిషి. ఆయనకు గిటారు వాయించడం రాదు! వాయించేవాళ్ల ఇబ్బందులు విని విని తయారుచేశాడు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. గిటారును హాస్టల్‌కు తెచ్చి నా గదిలో బీరువాలో పెట్టి తాళం వేశాను. పిల్లలు చూస్తామంటే దూరం నుంచి చూపించి, "చెయ్యి పెట్టొద్దు" అన్నాను. ఇరవై రోజులు అలాగే గడిచాయి. ఒక రాత్రి నేను చదివిన హాస్టల్ గుర్తొచ్చింది. అక్కడ ఆఫీసు గదిలో ఒక హార్మోనియం ఉండేది. ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు దానిమీద కప్పిన గుడ్డను మాత్రమే చూశాను. పాడవుతుందని ఎవరినీ ముట్టనివ్వలేదు. చివరికి ఎలుకలు కొరికి, ఎవరూ వాయించకుండానే పాడైపోయింది. పొద్దున్నే లేచి బీరువా తాళం తీశాను.

ఆ ఆదివారం మా ప్రధాన్ పెద్దాయన మనవరాలిని చూడటానికి హాస్టల్‌కు వచ్చారు. గిటారును వేలితో తట్టి చూసి, "బాయీ, దీనికి కడుపు ఏదీ? కిక్రికి కడుపు ఉంటుంది, అందుకే పలుకుతుంది. ఇది ఉత్త దుంగ కదా!" అన్నారు. నేను నోరు తెరిచేలోపే పదో తరగతి చదివే ఆయన మనవరాలు అందుకుంది. తీగల కింద అయస్కాంతాలు ఉన్నాయి, వాటి చుట్టూ సన్నని రాగితీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది, పైన ఉక్కుతీగ కదిలితే రాగితీగలో కరెంటు పుడుతుంది, దాన్ని ఆంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. "ఇది మా భౌతికశాస్త్రంలో ఫారడే పాఠం, దాదా" అంది. నైలాన్ తీగ కడితే ఇది పలకదని కూడా చెప్పింది. విద్యుదయస్కాంత ప్రేరణ పాఠాన్ని అంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు.

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు, "మా ఇంట్లో కిక్రి దూలానికి వేలాడుతోంది. అడిగే పిల్లలు లేరు."

"పట్టుకురండి దాదా" అన్నాను.

తెచ్చారు. కిక్రికి మూడు తీగలే, మెట్లు లేవు. గిటారుకు ఆరు తీగలు, మెట్లు ఉన్నాయి. ఆయన వాయించిన వరుసను పిల్లలు గిటారు మీద వెతికితే కొన్ని స్వరాలు రెండు మెట్ల మధ్య చిక్కుకున్నాయి. తీగను పక్కకు లాగితేనే దొరికాయి. 1999లో నేను విన్నది ఆ లాగుడే. ఇప్పుడు ఆయన వీలైన ఆదివారాల్లో వస్తున్నారు. గిటారు అడిగే పిల్లలే ఎక్కువ, నిజం చెప్పాలి. కానీ కిక్రి కోసం ఇద్దరు ఆడపిల్లలు ముందే వచ్చి కూర్చుంటున్నారు.

నా గిటారు మీద ఇప్పటికి మూడు గీతలు పడ్డాయి. మొదటి గీతకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. రెండోదానికి పట్టింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు ఏదైనా కావాలని ఉంటే సిగ్గుపడకుండా పైకి చెప్పండి. అప్పు చేయకుండా నెలకు కొంత పక్కన పెట్టండి. చేతికి వచ్చాక తాళం వేయకండి. మీ ఇంట్లో దూలానికి కిక్రి గానీ, మూలన డోలు గానీ ఉంటే, ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు దాన్ని దింపి, ఎలా వాయించాలో పెద్దవాళ్లను అడగండి. వాళ్లు ఎదురుచూస్తున్నారు.

సెలవు. జై సేవా.