విశ్వవిద్యాలయమునకు దారి ఎనిమిదవ తరగతి నుండి



పదవ తరగతి ఫలితములు వెలువడిన వారము దినములలో వరంగల్లు, హనుమకొండ, కాజీపేటలలోని అనేక గృహములందు ఒకే ప్రశ్న వినవచ్చును: "పిల్లవానిని ఏ గ్రూపులో చేర్పింతము?" రెండు మూడు దినములలో సమాధానము తేలిపోవును. మేనమామ ఒక మాట చెప్పును. పొరుగింటి పిల్లవాడు ఎక్కడ చేరినదియు తెలియవచ్చును. కళాశాల తరపువారు ఇంటికి వచ్చి ఫీజు తగ్గింతుమందురు. మున్ముందు చదువంతయు ఏ వైపునకు మరలవలెనో అంతటితో నిశ్చయమైపోవును. ఆ పిల్లవానిని అడిగినవారు అరుదు. అడిగినను అతడు చెప్పలేడు. చెప్పుటకు వలసిన సంగతులు అతనికి ముందుగా ఎవ్వరును తెలుపలేదు.

నేను మనవి చేయదలచినది ఇది. విశ్వవిద్యాలయమునకు సిద్ధపడుట ఇంటర్మీడియట్‌లో మొదలగు పని కాదు. ఎనిమిది, తొమ్మిది తరగతులలోనే మొదలు కావలెను. అయితే ఆ వయస్సున అది శిక్షణ కేంద్రముల పని కాదు; ఇంటివారి పని, బడి పని.

ఉన్నత విద్య మన ప్రాంతమునకు దూరముగా ఉండిన కాలము కలదు. 1918లో హైదరాబాదున నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలో సాగెడిది. ఇంట తెలుగు మాటలాడు బాలుడు అచ్చట చదువవలెనన్న మరియొక భాషలో ఆలోచించుట నేర్వవలసివచ్చెడిది. నర్సంపేట సమీపమున లక్నేపల్లిలో 1921లో జన్మించిన శ్రీ పి. వి. నరసింహారావు హనుమకొండలో చదివి, పై చదువులను పూణె, నాగపూరు నగరములలో పూర్తిచేసిరి.

ఆ దూరము నేడు లేదు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల, కాకతీయ వైద్య కళాశాల మన నగరమున వెలసినవి. ఆ ఇంజనీరింగు కళాశాలయే 2002లో ఎన్.ఐ.టి. అయినది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయము ఏర్పడినది. తెలంగాణ రాష్ట్రము వచ్చిన పిదప కాళోజీ పేర ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము వచ్చినది. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయ స్థాపనకు 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదము లభించినది. విద్యాలయములు ముంగిటికి వచ్చినవి. వాని లోనికి పోవు దారి మాత్రము అనేక కుటుంబములకు ఇంకను తెలియదు.

ఈ తెలియనితనము వలననే చిన్న తరగతుల పిల్లలకు సైతము "ఐ.ఐ.టి. ఫౌండేషన్" అను పేర పాఠములు అమ్ముడుపోవుచున్నవి. పదునారేండ్లు నిండనివారిని శిక్షణ కేంద్రములలో చేర్చుకొనరాదనియు, సెకండరీ పరీక్ష ముగిసిన తరువాతనే చేర్చుకొనవలెననియు కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకములను వెలువరించినది. పునాది ఆరక మునుపే గోడ లేపినచో బీట తీయును. మరి పునాది యేది?

మొదటిది, ఒంటరిగా చదువగలుగుట. ఇంటర్మీడియట్‌లో పుస్తకములు ఒక్కసారిగా బరువెక్కును; ప్రతి పుటను వివరించువారు ప్రక్కన ఉండరు. 2022-23 నుండి మన ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమము ప్రవేశించినందున ఈ అవసరము మరింత పెరిగినది. ఎనిమిదవ తరగతి విద్యార్థి దినమునకు ఒక పుట తానే చదివి, అందలి విషయమును తెలుగులో తన మాటలతో తల్లికో తాతకో చెప్పవలెను. వినువారికి చదువు రాకపోయినను బాధ లేదు. "నాకు అర్థము కాలేదురా, మరల చెప్పు" అను మాట చాలును. పిల్లవానికి ఎచ్చట అర్థము కాలేదో అచ్చటనే మాట తడబడును. జడత్వము, ఇనర్షియా, ద్రవ్యరాశి, మాస్, ఇట్లు రెండు భాషల పదములను ఒక నోటుపుస్తకమున ప్రక్కప్రక్కన వ్రాసికొనుట మంచిది. పాఠ్యపుస్తకములకు వెలుపలి చదువునకు గ్రంథాలయములు ఉన్నవి. 1904 నాటి రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయము హనుమకొండలోనే కలదు.

రెండవది గణితము. నిష్పత్తి, శాతము, బీజగణితపు సమీకరణము అను మూడింటియందు ఎనిమిదవ తరగతిలో మిగిలిన సందేహము ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రమున గుదిబండ యగును. ఎనుమాముల మార్కెట్టుకు తండ్రి పత్తిని తీసికొనిపోయినప్పుడు తూకమెంత, తేమకు కోత ఎంత, చేతికి వచ్చినది ఎంత అని పిల్లవాని చేతనే లెక్క కట్టింపుడు. ఆ లెక్క తప్పినచో నష్టమెవరిదో అతనికి తెలియును గనుక శ్రద్ధ దానంతట అదియే కలుగును.

మూడవది, దారులు తెలిసికొనుట. తొమ్మిదవ తరగతి ముగియునాటికి విద్యార్థికి కొన్ని సంగతులు తెలిసియుండవలెను. జీవశాస్త్రము లేని ఎం.పి.సి.తో మాత్రమే వైద్యవిద్యకు అర్హత లభింపదు. సి.ఇ.సి., హెచ్.ఇ.సి.లు మార్కులు రానివారి గ్రూపులు కావు. న్యాయశాస్త్రము, వాణిజ్యము, పరిపాలన, ఉపాధ్యాయ వృత్తి వానినుండి లభించును. పదవ తరగతి తరువాతనే పాలిటెక్నిక్ కలదు. బాసరలో ఆరేండ్ల చదువు గల సాంకేతిక విశ్వవిద్యాలయము కలదు. వరంగల్లు ఎన్.ఐ.టి.లో సగము సీట్లు తెలంగాణలో పన్నెండవ తరగతి పూర్తిచేసినవారికి ఉద్దేశింపబడినవి. కావున దూరదేశపు కళాశాలకు పంపుటకు ముందు ఈ లెక్క చూచుకొనవలెను. వీలైనచో ఒక దినము పిల్లలను కాకతీయ విశ్వవిద్యాలయమునకు తీసికొనిపోయి, చదువుచున్న మన ఊరి విద్యార్థితో మాటలాడింపుడు. చూచిన చోటు మీద భయము తగ్గును.

నాలుగవది ధనము, కాగితములు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి చదువు పేద విద్యార్థులకు ఎన్.ఎం.ఎం.ఎస్. అను జాతీయ ఉపకారవేతన పరీక్ష కలదు. కుటుంబ వార్షికాదాయము మూడున్నర లక్షలకు మించరాదు. ఎన్నికైనవారికి తొమ్మిది నుండి పన్నెండవ తరగతి వరకు ఏటేట 12,000 రూపాయలు లభించును, నాలుగేండ్లకు 48,000. ఎనిమిదవ తరగతి దాటినచో ఈ అవకాశము మరల రాదు. కావున ప్రధానోపాధ్యాయులను ఆ సంవత్సరపు ప్రారంభముననే అడుగుడు.

అట్లే పదవ తరగతి మెమోలో పడిన పేరు, పుట్టిన తేదీ జీవితాంతము వెంబడించును. ఆధారు కార్డునందు ఒక తీరు, బడి రిజిస్టరునందు మరియొక తీరు ఉన్నచో తొమ్మిదవ తరగతిలోనే సరిదిద్దించుకొనవలెను. బడి మారినప్పుడెల్ల స్టడీ సర్టిఫికెట్టు తీసికొని భద్రపరుపుడు; ప్రవేశ సమయమున ఆరవ తరగతి నుండి చదివిన చోట్ల వివరము అడుగుదురు.

చివరిమాట ఆడపిల్లలను గూర్చి. "పదవది చాలును, కాలేజీ దూరము" అను నిర్ణయము చాల ఇండ్లలో ఫలితములకు ఎంతో ముందే, మాట పైకి రాకుండగనే జరిగిపోవును. ఆ సంగతి గ్రహించిన బాలిక చదువుమీద ఆశ విడుచును; మార్కులు తగ్గును; ఆ మార్కులే మాన్పించుటకు కారణముగా చూపబడును. అందుచేత ఎనిమిదవ తరగతిలోనే తండ్రి నోట "నీవు ఎంతవరకు చదివెదవో అంతవరకు చదివింతును" అను మాట ఆమె వినవలెను. వసతికి మార్గములు లేకపోలేదు. కొన్ని కస్తూరిబా బాలికా విద్యాలయములలో ఇంటర్మీడియట్ కూడ కలదు.

ఇందు ఏ ఒక్కటియు పెద్ద ఖర్చుతో కూడినది కాదు. దినమునకు అరగంట, ఏడాదికి రెండు మూడు మార్లు బడికి పోయి అడుగుట, ఇంటిలో ఒక సంచిలో కాగితములు. ఇంతమాత్రము చేసిన ఇంట, పదవ తరగతి ఫలితములు వచ్చిన నాడు "ఏ గ్రూపు?" అను ప్రశ్నకు మొదటి సమాధానము మేనమామ చెప్పడు; పిల్లలే చెప్పుదురు, కారణముతో సహా చెప్పుదురు. అప్పుడు పెద్దలు ఆలోచించి సలహా యొసగుట న్యాయముగా ఉండును.