కురుసుర: నీటి క్రింద కావలి కాచిన నౌకల చరిత్రము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



శల్యపర్వ కథ విననివారు ఈ సభలో ఉండరు. పదునొకండక్షౌహిణుల సేన నశించిన పిమ్మట దుర్యోధనుడు గద చేబూని ద్వైపాయన హ్రదము జొచ్చి, జలస్తంభన విద్యచే నీటి యడుగున దాగియుండెను. అతడు వెలికి వచ్చినది ఊపిరాడక కాదు. ధర్మరాజు పలికిన సూటిపోటి మాటలు సహింపలేక. నేటి ప్రసంగ విషయమైన జలాంతర్గామి నౌకలకు మాటలు తగులవు. వానిని పైకి రప్పించునది ఊపిరి కొరత యొక్కటే. ఈ భేదము గుర్తుంచుకొన్నచో వాని చరిత్ర యంతయు సులభముగా బోధపడును.

విశాఖపట్టణమున రామకృష్ణా బీచి యొడ్డున, ఇసుకపై నల్లని తిమింగిలము వలె నిలిచియున్న నౌకను పలువురు చూచియుందురు. దాని పేరు కురుసుర. సోవియట్ రష్యావారు 641వ ప్రణాళిక యను పేర దీనిని రూపొందించిరి. పాశ్చాత్యులు ఈ తెగకు ఫాక్స్‌ట్రాట్ అని సంకేతనామ ముంచిరి. 1950ల చివర మొదలుకొని లెనిన్‌గ్రాడులో ఇట్టివి డెబ్బదికి పైగా నిర్మింపబడినవి. వానిలో ఎనిమిది మన దేశమునకు, ఆరు లిబియాకు, మూడు క్యూబాకు చేరినవి.

నౌక పొడవు 91 మీటర్లకు పైగా, అనగా సుమారు 300 అడుగులు. వెడల్పు 25 అడుగులకు మించదు. ఇంత సన్నని గొట్టములో ఏడు గదులు, 75 మంది మనుష్యులు, 22 టార్పెడోలు. ఒక గదినుండి మరియొక గదికి పోవలెనన్న గుండ్రని కంతగుండ నడుము వంచి దూరవలెను. టార్పెడోల సరసనే కొందరు నావికుల పడకలు. మంచినీరు కొలిచి వాడవలసిన వస్తువు. సముద్రమధ్యమున నుండి స్నానమునకు నీరు కరవగుట ఎంత విచిత్రము!

దీని నడక ఇట్లుండును. నీటిపైన నున్నపుడు మూడు డీజెల్ యంత్రములు మూడు మరలను త్రిప్పును. డీజెల్ యంత్రము గాలి లేక పనిచేయదు గనుక, మునిగిన పిదప దానిని ఆపి, బ్యాటరీల విద్యుత్తుతో మోటార్లను నడుపుదురు. బ్యాటరీలు ఉడిగిన వెనుక మరల పైకి రావలెను. లేదా పైభాగము దాపునకు వచ్చి, గాలి పీల్చు గొట్టమును నీటిపైకి ఎత్తి, డీజెల్ యంత్రములను నడిపి బ్యాటరీలను నింపుకొనవలెను. గంటకు రెండు నాటికల్ మైళ్ల చొప్పున మెల్లగా పోయినచో నీటి క్రింద 380 మైళ్లు పోగలదు. ఎడ్లబండి అంతకన్న వడిగా పోవును! గంటకు 15 మైళ్ల వేగమున పరుగిడినచో ఆ నిలువ స్వల్పకాలములోనే ఖర్చై పోవును. జమ ఎరిగి ఖర్చు చేయని కమాండరునకు సముద్రమున బ్రదుకు లేదు.

ఈ లెక్క తప్పినచో ఏమగునో 1962 అక్టోబరులో తెలియవచ్చినది. క్యూబాలో సోవియట్ క్షిపణులు ఉంచుటచే అమెరికాకును రష్యాకును యుద్ధము తప్పదేమో యని లోకము భయపడిన దినములవి. ఈ తెగకు చెందిన నాలుగు నౌకలను రష్యావారు ఉత్తర సముద్రమునుండి క్యూబా దిక్కునకు పంపిరి. ఒక్కొక్క దానిలో ఒక్కొక్క అణు టార్పెడో కలదు. చలిసముద్రముల కొరకు కట్టిన నౌకలు వెచ్చని జలములు ప్రవేశించుసరికి లోపలి వేడి 45 డిగ్రీలు దాటినది. మనుష్యులు సొమ్మసిల్లి పడిపోవుచుండిరి.

అక్టోబరు 27వ తేదీన బి-59 అను నౌకను అమెరికా యుద్ధనౌకలు చుట్టుముట్టి, పైకి రమ్మను సంజ్ఞగా చిన్న ప్రేలుడు గుండ్లను నీటిలో వదలినవి. అవి సంజ్ఞలో, నిజమైన దాడియో లోపలివారికి తెలియదు. మాస్కోతో సంబంధము లేదు. పైన యుద్ధము ప్రారంభమైనదేమో యను శంక. నౌకాధిపతి సావిత్‌స్కీ సహనము కోల్పోయి అణు టార్పెడోను సిద్ధపరుపుడని యాజ్ఞాపించెనని, అదే నౌకలో నున్న వాసిలీ ఆర్ఖిపోవ్ అను అధికారి అతనిని శాంతపరచెనని అందున్న ఒక అధికారి తరువాత చెప్పెను. కథనములలో కొంత భేదము లేకపోలేదు. టార్పెడో మాత్రము కదలలేదు. బ్యాటరీలు ఉడిగిన ఆ నౌక శత్రువుల దీపకాంతి నడుమ నీటిపైకి తేలెను.

ఈ ఆర్ఖిపోవ్ అంతకు ముందటి సంవత్సరము, 1961లో, కె-19 అను అణు జలాంతర్గామిలో రియాక్టరు చెడి సహచరులు మరణించుటను కన్నులార చూచినవాడు. అణుశక్తి యన నేమో అతనికి పుస్తకములు నేర్పవలసిన పని లేకపోయెను. ఆతడు 1998లో గతించెను. ఈ సంగతి లోకమున బాగుగా వెల్లడియైనది 2002లో. 

ఇక మన నౌకల సంగతి. 1965లో సోవియట్ ప్రభుత్వముతో ఒడంబడిక కుదిరినది. మన నావికులు రష్యాకేగి, అచ్చటి భాష నేర్చి, చలికి ఓర్చి శిక్షణ పొందిరి. మొదటి నౌక కల్వరి 1967 డిసెంబరు 8వ తేదీన రీగా రేవులో కమాండర్ కె. ఎస్. సుబ్రహ్మణియన్ నాయకత్వమున మన దళమున చేరెను. నేటికిని ఆ తేదీ మన జలాంతర్గామి దినోత్సవము. ఆ యేడు జరిగిన అరబ్బు–ఇజ్రాయేలు యుద్ధముచే సూయజు కాలువ మూతపడియుండుటచే, కల్వరి ఆఫ్రికా ఖండమంతయు చుట్టి 1968లో విశాఖ చేరవలసి వచ్చెను. వెనువెంట ఖండేరి, కరంజ్ వచ్చినవి. కురుసుర 1969 డిసెంబరు 18న చేరెను. 1973, 74 సంవత్సరములలో వేల, వాగీర్, వాగ్లీ, వాగ్‌షీర్ అను నాలుగు వచ్చినవి. విశాఖలో వీరబాహు యను జలాంతర్గామి స్థావరము 1971లో వెలసెను. శిక్షణ కేంద్రమునకు 1974లో శాతవాహన యని పేరు పెట్టిరి. ఆంధ్రుల తొలి రాజవంశపు పేరు నీటి క్రింది విద్య నేర్పు బడికి తగిలినది!

1971 యుద్ధమున ఖండేరి బంగాళాఖాతమునను, కురుసుర, కరంజ్ అరేబియా సముద్రమునను కావలి కాచినవి. అవి ఏ శత్రునౌకను ముంచలేదు. మరి ఇంత వ్యయము దేనికని అడుగువారు కలరు. కోతకాలమున పొలమునకు కావలియున్నవాడు దొంగను పట్టలేదని కూలి ఎగవేయు రైతు ఎవడైన ఉండునా? నీటి క్రింద ఏమున్నదో తెలియమి చేతనే ఎదుటివాడు వెనుకాడును.

ఆ భయమెట్టిదో విశాఖవారే ఎరుగుదురు. డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి ప్రాంతమున పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు వెలుపల మునిగెను. అది అమెరికాలో కట్టినది, ఈ తెగది కాదు. మన రాజ్‌పుత్ నౌక వదలిన గుండ్లచే మునిగినదని మనవారును, లోపలి ప్రేలుడుచేతనో మైనుచేతనో మునిగినదని వారును చెప్పుదురు. అందున్న 93 మందిలో ఒక్కడును మిగులలేదు. శత్రువులైనను వారును తల్లుల బిడ్డలే. ఆ నౌక ఇప్పటికిని విశాఖ తీరమునకు దూరము గాని చోట, సముద్రపు బురదలో నున్నది.

కల్వరి 1996లో విరమించెను. కురుసుర 31 సంవత్సరములు కొలువు చేసి, 73,500 నాటికల్ మైళ్లు తిరిగి, 2001 ఫిబ్రవరి 27న విరమించెను. దానిని ఒడ్డునకు లాగి ఇసుకపై నిలిపి, 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా తెరచిరి. లోపల చూపించి చెప్పువారిలో విరమించిన జలాంతర్గామి నావికులు కలరు. వారిని అడిగిన వేడిని గూర్చి, వాసనను గూర్చి, పగలు రాత్రి తేడా తెలియకుండుటను గూర్చి చెప్పుదురు. పిల్లలను తీసికొనిపోవువారు తొందరపడక, ఆ గుండ్రని కంత యొద్ద ఒక్కక్షణము నిలిచి, 75 మంది వారముల తరబడి అందులో నెట్లు మసలిరో ఊహింపవలెను.

ఈ ఎనిమిదింటిలో చివరిదైన వాగ్లీ 2010లో విరమించెను. తరువాత ముంబయిలో కట్టిన క్రొత్త తెగ జలాంతర్గాములకు పాత పేర్లే పెట్టిరి: 2017లో కల్వరి, పిమ్మట ఖండేరి, కరంజ్, వేల, వాగీర్, తుదకు 2025 జనవరిలో వాగ్‌షీర్. ఈ ఆరింటిలో కురుసుర, వాగ్లీ యను పేర్లు లేవు. కురుసుర పేరు ప్రస్తుతము విశాఖ యొడ్డుననే, దాని నల్లని నౌకపైననే యున్నది.