చిన్న డిస్కు – జయమా, అపజయమా?



ఒక పిల్లవాడు లెక్కల్లో ఎనభై మార్కులు తెచ్చుకుని, ఇంగ్లీషులో తప్పాడనుకోండి. వాడు ప్యాసైనట్టా, ఫెయిలైనట్టా? సోనీ కంపెనీ తెచ్చిన యూఎండీ అనే డిస్కు సంగతి కూడా ఇలాంటిదే.

2004 డిసెంబరులో సోనీవారు జపానులో పీఎస్‌పీ అనే, చేత్తో పట్టుకుని ఆడుకునే ఆటల యంత్రాన్ని విడుదల చేశారు. దానికోసమే ఈ డిస్కును తయారుచేశారు. అడ్డకొలత 60 మిల్లీమీటర్లు, అంటే సీడీలో సగం. ప్లాస్టిక్ తొడుగులో ఉంటుంది కనుక సులువుగా గీతలు పడవు. అయినా రెండు సీడీల సమాచారాన్ని మించి, 1.8 గిగాబైట్ల దాకా పడుతుంది.

ఆటల విషయంలో ఇది ఓడిందనడం న్యాయం కాదు. ఆ యంత్రాలు ఏడు కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. ఏళ్ల తరబడి వాటి ఆటలు ఈ డిస్కుమీదే వచ్చాయి.

సినిమాల్లో మాత్రం తప్పింది. 2005లో హాలీవుడ్ సంస్థలు ఉత్సాహంగా తమ చిత్రాలను దీనిమీద తెచ్చాయి. మరుసటి ఏడాదికే కొన్ని వెనక్కి తగ్గాయి. ఎందుకంటారా? డబ్బుపెట్టి కొన్న ఆ డిస్కు ఇంట్లో ఉన్న డీవీడీ ప్లేయరులో పట్టదు. ఖాళీ డిస్కులు బజారులో దొరకవు కనుక మనది మనం నింపుకోలేం. పైగా అదే యంత్రంలో మెమరీ కార్డు పెట్టి సినిమా చూడవచ్చు. చివరకు 2009లో వచ్చిన పీఎస్‌పీ గోలోనూ, 2011లో వచ్చిన వీటాలోనూ సోనీవారే దీనికి చోటివ్వలేదు.

దీని పక్కన కేసెట్టును పెట్టి చూడండి. 1963లో దాన్ని తెచ్చిన ఫిలిప్స్ కంపెనీ, ఇతర కంపెనీలనూ తయారుచేసుకోనిచ్చింది. అందుకే అది మన సెమిలిగుడ దాకా వచ్చింది. ఎవరి టేపురికార్డరులో వేసినా పలికింది. తెలుగు పాటనూ, దేశియా పాటనూ, ఇంట్లో అమ్మమ్మ గొంతునూ ఒకేలా దాచింది.

కనుక నా తీర్పు ఇది: ఆటల డిస్కుగా జయం, నలుగురి వస్తువుగా అపజయం.

ఇది మనకెందుకు అనకండి. ఈ సరిహద్దు ఊళ్లలో పెద్దవాళ్ల పాటలను, కథలను ఇప్పుడు ఫోన్లలో రికార్డు చేసుకుంటున్నాం. వాటిని ఒక్క కంపెనీ సాధనంలోనే వినిపించే రూపంలో దాచితే, ఆ కంపెనీ మానుకున్న రోజున పాట ఉంటుంది, వినే దారి ఉండదు. ఏ యంత్రంలోనైనా పలికే రూపంలో, రెండు చోట్ల దాచండి. మన పిల్లలు వినాలి కదా!