వెనక వరుస నుంచి

సంఘం పుస్తకాలు రాయడానికి నన్ను పెట్టిన కొత్తలో మండల మీటింగులో వెనక వరుస వదిలేదాన్ని కాదు. మా ఇంట్లో మాట్లాడేది కువి. తెలుగులో తప్పు దొర్లితే నవ్వుతారని భయం.

ఒక ఏడాది కాఫీ డబ్బులు రాగానే కట్టిన కిస్తీ పాస్‌బుక్‌లో పడలేదు. అధ్యక్షురాలికి ఒంట్లో బాగోలేదు, బ్యాంకుకు నేనే వెళ్లాల్సి వచ్చింది. రసీదు, మినిట్స్ పుస్తకం పక్కపక్కన పెట్టి తేదీ మీద వేలు పెట్టాను. మాట తడబడింది గానీ లెక్క తప్పలేదు. సాయంత్రానికి సరిచేశారు.

అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది కదా. గింజకు వచ్చినంత తొందరగా పండు కోసే ఆడదానికి పేరు రాదులెండి.

మొన్న సీసీ పోస్టు ఇంటర్వ్యూకి వెళ్లాను. కంప్యూటర్ వచ్చా అన్నారు. నేర్చుకుంటున్నాను, లెక్కలైతే ఇప్పుడే రాసి చూపిస్తానన్నాను. ఫలితం ఇంకా రాలేదు. ఈలోగా పుస్తకాలు రాయడం మా ఊళ్లో ఇద్దరు చెల్లెళ్లకు నేర్పుతున్నాను.