వృత్తిపరిచయ సాయంసభ: నిర్వహణవిధానము
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



వృత్తిపరిచయ సాయంసభను గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. ఈ విషయమున మాకు గల అర్హత యొక్కటియే. గత సంవత్సరము ఇట్టి సభను మేమే ఏర్పాటు చేసి మేమే చెడగొట్టితిమి.

ఆనాడు సాయంకాలము 6 గంటలకు సభ ప్రారంభమైనది. జ్యోతి వెలిగించుట, పూలదండలు, ఉపన్యాసములు ముగియునప్పటికి 8 గంటలు దాటెను. పిమ్మట విందు. బంధువులు బంధువుల ప్రక్కనే కూర్చుండి పెండ్లిసంబంధములు ముచ్చటించుకొనిరి. డిప్లొమా ముగించి కొలువు వెదకుచున్న చిన్నది యొకతె పల్లెనుండి బస్సెక్కి వచ్చినది. ఆమె యోగ్యతాపత్రముల సంచిని ఒడిలో నుంచుకొని కడపటి వరుసలో కూర్చుండి, ఎవ్వరితోను ఒక్క మాటయైన ఆడక, ఆఖరు బస్సునకు వేళయైనదని వెడలిపోయెను. ఆమెవంటి వారికొరకే వెదకుచున్న కర్మాగారస్వామి యొకరు ఆ సభలోనే ముందువరుసలో నుండిరని మాకు మరునాడు తెలిసెను. ఆ సంగతి తలపునకు వచ్చినప్పుడెల్ల మాకు సిగ్గగుచున్నది.

మనవారెల్లరు ఒకచోట కూడినచో పనులు తామే సమకూరునని మేము భ్రమపడితిమి. అమెరికా సామాజికశాస్త్రజ్ఞుడు మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రకటించిన వ్యాసమును మేము ఆ పిమ్మట చదివితిమి. బోస్టను సమీపమున న్యూటను పట్టణములో ఉద్యోగము మారినవారిని ఆయన విచారించెను. పరిచయస్థుల మూలమున కొలువు పొందినవారిలో, ఆ పరిచయస్థుని తరచుగా చూచుచుండినవారు నూటికి 16.7 మంది మాత్రమే. అప్పుడప్పుడు చూచువారు 55.6. అరుదుగా చూచువారు 27.8. కారణము స్పష్టమే: నిత్యము కలియువారు ఎరిగిన వార్త మనమును ఎరిగినదే యగును. క్రొత్త వార్త దూరపువానికడ నుండును.

1905లో షికాగో నగరమున పాల్ హారిస్ రోటరీ సంఘమును స్థాపించినప్పుడు మొదట కూడినవారు నలుగురు: న్యాయవాది, బొగ్గువర్తకుడు, గనుల ఇంజనీరు, దర్జీ. నలుగురివి నాలుగు వృత్తులు. సమావేశము ఒక్కొక్కమారు ఒక్కొక్కరి కార్యాలయమున జరుగుచుండుటచేతనే దానికి ఆ పేరు వచ్చినది.

కావున ఈమారు ఆహూతులలో మూడవవంతు మన సంఘమునకు వెలుపలివారై యుండవలెనని మా ప్రతిపాదన. సంఘము సొమ్ముతో పరులకు ఫలహారములా యని పెద్దలు కొందరు మమ్ము నిలదీసిరి. వారి యాగ్రహము ధర్మమే. కాని పిల్లలకు కొలువులు కావలెనన్నచో మన పందిటిలో లేని వార్తలు పందిటిలోనికి రావలయును. అందులకు ఫలహారపు వ్యయము అధికము కాదు.

ఇక ఏర్పాట్లు. ముహూర్తములున్న దినమును, లెక్కల వృత్తివారికి జి.ఎస్.టి. పత్రముల తొందర గల 20వ తేదీని విడువవలయును. 60 మందికి మించరాదు. 60 మందిలో పరిచయము కావలసిన జంటలు 1770. ఒక్క సాయంకాలమున అది కానిపని. అయినను 10 బల్లలు వేసి, బల్లకు ఆరుగురిని నిలిపి, 20 నిమిషముల కొకమారు గంట మ్రోగించి స్థానములు మార్చుచు మూడు ఆవృత్తులు నడిపినచో, ఒక్కొక్కరికి 15 మంది క్రొత్తవారు పరిచితులగుదురు. ఒకే యిద్దరు మరల కలియకుండ పట్టికను ముందురాత్రియే వ్రాసికొనవలయును. సభాస్థలిలో అప్పటికప్పుడు వ్రాయబూనినచో గందరగోళమే.

రొమ్ముమీది చీటిలో పేరు, వృత్తి, 'వెదకునది', 'ఈయగలది' అను నాలుగే యుండవలెను. బిరుదములు వలదు. కుర్చీలు వృద్ధులకు మాత్రమే. విస్తరిభోజనమును మానితిమి, పంక్తిలో కూర్చున్నవాడు తన కుడియెడమలవారిని తప్ప ఎరుగడు. చిన్న ఇడ్డెనలు, గారెలు, కాఫీ చాలును.

అన్నిటికంటె ముఖ్యులు పరిచయకర్తలు. ఒంటరిగా నిలిచినవారిని కనిపెట్టుటయే వారి పని. "వీరు ఫలానావారి అల్లుడు" అని చెప్పిన పరిచయము పరిచయము కాదు. "వీరు శీతలగిడ్డంగులకు యంత్రములు బిగింతురు, తమకు గుంటూరున మిరపకాయల నిలువ కలదు గదా" యని చెప్పవలయును. అంతట వారిరువురిని విడిచి తొలగిపోవలెను. ఈ తొలగిపోవుటయే మనవారికి కష్టము! వారమునాటికి ప్రతివారిని ఫోనులో పలుకరించి, ఎవరు ఎవరిని మరల కలిసిరో వ్రాసికొనవలయును.

ఉపన్యాసము ఒక్కటే, అయిదు నిమిషములు. పూలదండలు లేవు. పోషకమహాశయులు మమ్ము మన్నింతురుగాక. వారికి వేదికపై కాక బల్లలకడ స్థానము లుంచితిమి.

ఆ చిన్నదానికి మొదటి ఆహ్వానపత్రమును మేమే పంపితిమి. ఆఖరు బస్సు దొరకునట్లు సభ ముగియునా యని ఆమె మరల అడిగినది. అందుచేత సభను 4½ గంటలకు ప్రారంభించి 7 గంటలకు ముగింప నిశ్చయించితిమి. పరిచయకర్తలు ఇంకను నలుగురు కావలసియున్నారు. ఇష్టమున్నవారు ఇప్పుడే వేదిక ఎడమప్రక్క బల్లకడ తమ పేరులు వ్రాయించుకొన వేడుచున్నాము.